చెవి మీద పడ్డ అల

మా కోదాడలో నన్ను నలుగురికి పరిచయం చేయడం ఇంట్లోవాళ్లకు ఎప్పుడూ ఇబ్బందే. పాటలు కడతాను, ఫొటోలు తీస్తాను, మిర్యాలగూడలో మూతబడ్డ రైస్ మిల్లు షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని పాత ఇనుముతో శిల్పాలు చేస్తాను. అంతవరకూ ఎలాగో చెప్పుకొస్తారు. వీలైనప్పుడల్లా విశాఖపట్నం పోయి, సర్ఫింగ్ పలక మీద నిలబడి అలల మీద జారతానన్న దగ్గర ఆగిపోతారు. విశాఖలో శిల్పకళ చదివే రోజుల్లో అంటుకున్న పిచ్చి అది. నీళ్లలోకి కెమెరా కూడా తీసుకుపోతాను. అల మెలిక తిరిగేటప్పుడు లోపలి పచ్చదనం ఒడ్డున నిలబడితే కనబడదు.

పోయిన చలికాలం ఆ షెడ్డులోనే ప్రదర్శన పెట్టాలనుకున్నాను. గోడల నిండా అలల ఫొటోలు, మధ్యలో ఒక ఇనుప శిల్పం. మిల్లుల్లో అరిగిపోయి తీసేసిన ఇనుప పట్టీలను అల ఆకారంలో వేలాడదీశాను. కొడితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలకాలి. వాటి మీద నేనే పాట వాయించాలి. శ్రుతి చేయడం ఒక్కటే మిగిలింది. ఆ పనిలో పడితే మళ్లీ కుదరదని ముందుగా సముద్రానికి పోయాను.

ఆ ఉదయం వచ్చిన అల పెద్దదే గాని నాకు కొత్తదేం కాదు. పలక ముందుకు కుంగింది, నేను పక్కకు పడ్డాను. నీళ్లు ఎడమ చెవి మీద చాచి కొట్టాయి. లోపల ఏదో చిట్లింది. పైకి తేలాక ఒడ్డు ఎటుందో తెలియలేదు. తల తిరుగుడు తగ్గేదాకా పలకను కావలించుకుని ఉండిపోయాను. ఇసుక మీదికి చేరాక చూసుకుంటే ఎడమవైపు హోరు తప్ప ఇంకేమీ లేదు.

కోదాడ దాకా బస్సులో కుడి చెవి వేలితో మూసుకుని చూసుకుంటూ వచ్చాను. మూసినప్పుడల్లా పక్కసీటావిడ ఫోన్లో మాట్లాడే మాటలు మాయమయ్యేవి.

మా నాన్న రిటైరైన టీచరు, చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. నాకు స్వరాలు నేర్పింది ఆయనే. నేను సముద్రానికి పోవడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. ఇవాళ మాట పడక తప్పదనుకున్నాను. ఆయన మాత్రం చొక్కా మార్చుకుని నన్ను సూర్యాపేటకు, చెవి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీశాడు.

ఆవిడ లైటు వేసి చూసి కర్ణభేరి చిరిగిందని చెప్పింది. ఎలా తగిలిందని అడిగింది. నాన్నే జవాబిచ్చాడు.

"నా బిడ్డ అలల మీద నిలబడతది డాక్టరమ్మా."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"శానావరకు దానంతట అదే పూడుకుంటది," అందామె. "చెవిల సుక్క నీళ్లు పడొద్దు. వినికిడి ఎంత తిరిగొస్తదో మానినంకనే చెప్త."

ఆ ఎదురుచూపుల్లో షెడ్డుకు పోయి పట్టీ కొడితే, హోరులో కలిసి స్వరమేదో తేలేది కాదు. ఇక పాటలు కట్టడం అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు నాన్న హార్మోనియం పట్టుకుని కోదాడ నుంచి రావడం మొదలుపెట్టాడు. ఆయన పట్టీ కొట్టి, విని, స్వరం పైకి పోవాలో కిందికి దిగాలో చెప్పేవాడు. పైకి పోవాలంటే నేను కొనలు అరగదీసేదాన్ని, కిందికి దిగాలంటే నడుమ. అలా చివరి చిన్న పట్టీ దాకా వచ్చాం.

మళ్లీ సూర్యాపేట పోయినప్పుడు డాక్టరమ్మ చాలాసేపు చూసింది. పూర్తిగా పూడిందని, పరీక్షలో వినికిడి ఇంచుమించు మునుపటిలాగే ఉందని చెప్పింది. బయటికొచ్చి కుడి చెవి మూసుకున్నాను. రోడ్డు మీది హారన్లన్నీ ఎడమ చెవిలోకి వచ్చి పడ్డాయి. అక్కడే నిలబడి ఏడ్చాను. నాన్న హోటల్లో టీ తాగించి, నా గ్లాసు ఖాళీ కాకముందే ఇంకొకటి చెప్పాడు.

మర్నాడు షెడ్డులో పట్టీలన్నీ వాయించి చూశాను. పెద్దవి నిక్కచ్చిగా ఉన్నాయి. చిన్నవి మాత్రం ఒక్కటీ శ్రుతిలో లేదు. చెప్పాలా వద్దా అని తటపటాయించి, ఆఖరికి చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ చిన్నయి సన్నగ పలుకుతయ్, ఈ వయసుల నాకు సరిగ్గ వినపడనే లేదు బిడ్డా. నువ్వే పరేషాన్‌ల ఉన్నవ్. ఇగ నాకు గూడ వినపడట్లేదంటే ఎట్లుంటదని అందాజుగ చెప్పిన."

నాకు నవ్వాగలేదు. కాసేపటికి ఆయనా నవ్వాడు. ఈసారి ఆయన ఆకురాయి పట్టుకున్నాడు, నేను విన్నాను. సాయంత్రానికి చిన్నవి కూడా దారికొచ్చాయి.

ప్రదర్శన బాగానే జరిగింది. వాయిస్తున్నంతసేపూ నాన్న అలల ఫొటోల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మ ఒప్పుకున్నాకే మళ్లీ విశాఖ పోయాను. పలక తీసుకుని నీళ్లలోకి దిగబోతుంటే ఆయన ఫోన్ చేశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. చెవుల్లో బిరడాలు పెట్టుకున్నావా అని అడిగాడు, అంతే.