పొడుగు చేతుల గౌను

మా టైలరమ్మ చెప్పిన రోజుకి బట్టలిస్తే ఆ రోజు వాన ఖాయమని వీధిలో అందరూ అంటారు. నడుము వదులు చెయ్యమని ప్యాంటు ఇస్తే నన్ను ఆర్నెల్లు తిప్పింది. ఈలోగా నా నడుము ఇంకో అంగుళం పెరిగింది. తప్పెవరిదో తేలలేదు.

ఒక సాయంత్రం ఆ ప్యాంటు కోసమే వెళ్ళి కూర్చున్నాను. మా గోడవతలి ఇంటావిడ ఏడేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. మొగుడు వెళ్ళిపోయి ఏడాదైంది. ఆవిడ తెల్లవారకముందే ఆస్పత్రిలో నేల తుడిచి, అట్నుంచటే మందుల కంపెనీకి వెళ్ళి పెట్టెలు కడుతుంది. ఇల్లు చేరేసరికి బడి వదిలే వేళ.

"దీనికో గౌను కుట్టక్కా. చేతులు మణికట్టు దాకా ఉండాలి."

"ఈ ఎండల్లోనా?"

"పిల్లే అడిగింది."

టైలరమ్మ టేపు పట్టుకుని చెయ్యెత్తగానే పిల్ల మెడ భుజాల్లోకి ముడుచుకుంది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత మెల్లిగా కొలిచింది. మోచేతి పైన నాలుగు వేళ్ళ గుర్తులు.

నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. గోడవతల నుంచి వచ్చే ఆ పిల్ల ఏడుపు నాకు కొత్త కాదు. వినబడినప్పుడల్లా టీవీ గొంతు పెంచేవాణ్ణి.

"కొట్టేది నువ్వేనా?" అడిగింది టైలరమ్మ.

తల్లి మొహంలో ఏమీ కదల్లేదు. "కన్ను మూతపడిందో లేదో ఏదో ఒకటి పడేస్తుందక్కా. చెయ్యి లేచిన సంగతి తర్వాత తెలుస్తుంది." ఎవరి చేతి గురించో చెబుతున్నట్టుంది.

"ఈ గౌనుకి రోజూ కొలత చూడాలి. బడి నుంచి నేరుగా నా దగ్గరికి పంపు. నువ్వెళ్ళి పడుకో. కొత్త మచ్చ కనబడితే మాత్రం ఆరోగ్య కేంద్రం నర్సమ్మకి చెబుతాను. నీ పేరు దాచను."

ఆవిడ తలూపింది.

పిల్ల రోజూ వచ్చి బొత్తాలు రంగుల వారీగా ఏరేది. టైలరమ్మ రోజూ చేతులు కొలిచేది. గౌను మాత్రం ముందుకి కదల్లేదు. గోడవతల చప్పుడు లేకపోయినా ఆ వేళకి నా చెయ్యి రిమోటు మీదికి పోయేది. "చెవుడొచ్చిందా మీకు?" అంది మా ఆవిడ.

ఒక్కసారి కొత్త మచ్చ కనబడింది. టైలరమ్మ అన్నమాట ప్రకారం కొట్టు మూసి నర్సమ్మ దగ్గరికి బయల్దేరింది. కబురు విని తల్లి కూడా వెనకే నడిచింది. నర్సమ్మ ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడి తెల్లవారుజాము పని మాన్పించి, పెట్టెల పని అక్కర్లేకుండా పగటి పని ఇప్పించింది. వారానికోసారి వాళ్ళింటికొచ్చి కూర్చునేది.

మూణ్ణెల్ల తర్వాత, నా ప్యాంటు ఇంకా మేకుకి వేలాడుతుండగా, తల్లి వచ్చింది.

"గౌను అయిందా అక్కా?"

"ఇదిగో, చేతులు కుట్టడమే మిగిలింది."

ఆవిడ ఆ చేతుల గుడ్డని వేళ్ళతో తడిమింది.

"పొడుగు వద్దులే. మోచేతి పైకి కత్తిరించెయ్."

టైలరమ్మ కత్తెర తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"రేపూ పిల్లని పంపు. కొలత చూడాలి."