కూర్చోవడానికి ఒక యాత్ర

అంబిక బాన్సువాడ బస్టాండు దగ్గరి ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆమె వయసు ఇరవై రెండు. ఆమె కాళ్ళ వయసు యాభై దాటి ఉంటుంది. ఉద్యోగంలో చేరిననాడు ఆమెకొక కుర్చీ చూపించారు. దాన్ని ఆమె ఇప్పటికీ చూస్తూనే ఉంటుంది. అందులో ఎప్పుడూ ఎవరో ఒక పేషెంటు చుట్టం కూర్చుని ఉంటాడు.

అటువంటి మనిషికి వారం రోజుల సెలవు మంజూరైంది. చేరాక ఇదే మొదటిది. డాక్టరు ముఖం చూస్తే ఇదే ఆఖరిది కూడా కావచ్చు. అంబికకు ఉన్నది ఒకే కోరిక. పూరీ వెళ్ళి సముద్రం ఎదురుగా కూర్చోవాలి. దర్శనమూ స్నానమూ కుదిరితే మంచిదే, ముఖ్యాంశం మాత్రం కూర్చోవడం. నీళ్ళు ఆమెకు కొత్త కాదు, నిజాంసాగర్ నిండినప్పుడల్లా చూసింది. కానీ అక్కడ అవతలి గట్టు కనిపిస్తుంది. గట్టు కనిపించిందంటే అక్కడ ఎవరో ఒకరు ఉంటారని, వాళ్ళకేదో అవసరం ఉంటుందని ఆమెకు అనుమానం.

తల్లి ప్రేమల ఈ విషయంలో తీర్పు ముందే రాసి పెట్టుకుంది. "పోతే బాలరాజన్న బస్సుల పో. ఒక్కదానివైతే గీ గడప దాటేది లేదు."

బాలరాజ్ ఏటా వడ్ల కోతలు ముగిశాక ఒక బస్సు కిరాయికి మాట్లాడి, వంటమనిషినీ సిలిండర్లనూ బియ్యం బస్తాలనూ ఎక్కించుకుని అన్నవరం, సింహాచలం, పూరీ తిప్పుకొస్తాడు. ఆ బస్సులో అరవై లోపు వాళ్ళెవరంటే డ్రైవరూ, వంటమనిషీను. తెల్లవారకముందే భజన మొదలవుతుంది. పడుచుపిల్లకు ఇది సరిపడే ప్రయాణమేనా అన్న ప్రశ్న అంబిక ముందు నిలిచింది. మంచి వైపు చూస్తే ఇంటి పప్పు, తెలిసిన ముఖాలు, తల్లి అనుమతి. చెడు వైపు కూడా తెలిసిన ముఖాలే. ఆలోచించుకుని చెప్తానని బాలరాజ్‌తో అంది.

యాత్రల వ్యాపారంలో ఆలోచించుకుని చెప్తానంటే వస్తున్నానని అర్థం. ఆ సాయంత్రానికే బాలరాజ్ ఊరంతా చాటాడు. ఈసారి బస్సులో నర్సు కూడా వస్తుందని, ఎవరికీ ఏ ఫికరూ అక్కర్లేదని.

మర్నాటి నుంచి అంబిక ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. మొదట బిచ్కుంద నుంచి మహిపాల్ అనే రైతు మోటారు సైకిలు మీద వచ్చి, తండ్రి షుగరు గోలీలు ఒక కవరులో అప్పగించి, ముసలాయన మిఠాయి దుకాణం వైపు చూడకుండా చూడమన్నాడు. తర్వాత పండరి అనే పెద్దాయన కోడలు వచ్చింది. మామ రాత్రిళ్ళు లేచి ఎటో నడుస్తాడట, జర కనిపెట్టుకుని ఉండాలట. ఇంకొకాయన అసలు యాత్రకే పోవడం లేదు, ఎలాగూ ఇటు వచ్చాను కదా అని బీపీ చూపించుకుని వెళ్ళాడు. ప్రేమల అందరికీ చాయ్ పోసింది. కూతురికి ఇంత గిరాకీ ఉందని ఆమెకు అంతవరకు తెలియదు.

పంచలో గోలీల కవర్లు కుప్ప పడ్డాయి. సెలవు ఇంకా మొదలే కాలేదు, డ్యూటీ మాత్రం మొదలైంది. రానని చెప్పేద్దామని అంబిక చెప్పులు వేసుకుంటుండగా వెనక వీధి ముత్తవ్వ వచ్చింది. బతుకంతా వర్ని దిక్కు కాలువ కింది మడుల్లో నాట్లు వేసిన మనిషి. ఈ యాత్రే ఆమెకు మొదటిది.

"నీయి కూడ గోలీలున్నయా అవ్వా?" అంది అంబిక, చెయ్యి చాచి.

"ఉంటే నేను ఏస్కుంటలేనా? పక్కకు జరుగు, కూసుంట." కూర్చుంది. కవర్ల కుప్పను కాసేపు చూసింది. "రానని చెప్తందుకు పోతున్నవా?"

అంబిక రెండో చెప్పు కోసం కాలితో వెతికింది.

"నీ అంత లేనప్పుడు నేను నాట్ల ముఠాల అందరికంటె చిన్నదాన్ని. చిన్నదానివని నారు కట్టలు నాతోనే మోపిచ్చిర్రు, నీళ్ళు నాతోనే తెప్పిచ్చిర్రు. గుంపుల చిన్నోళ్ళకు కూసునుడు దొరకదు బిడ్డా."

"మరి ఏం జేసినవ్?"

"నేనేం జెయ్యలే. ఒక పెద్దవ్వ నన్ను తన మునుం పక్కకు, తను నాటే వరుస పక్కకు, పెట్టుకుంది. ఎవ్వలన్న పిలిస్తె 'ఇది నాతోటున్నది' అనేది. గంతే. ఒకలితోటున్నదాన్ని ఇంకొకలు పిలువద్దు, అది ముఠా రివాజు. నువ్వు నాతోటుండు."

"నీకేం రోగముందని ఉండాలె?"

"ఏం లేదు. అందుకే ఉండుమంటున్న."

అంబిక కవర్ల కుప్పను గోడ వైపు జరిపింది. ఆ తర్వాత చెప్పులు విడిచింది.

బయల్దేరే రోజు బస్సు దగ్గర బాలరాజ్ కేకలు వేస్తుండగా, అంబిక కవర్లన్నీ ఎవరివి వాళ్ళ సంచుల్లో పెట్టి, వేళలు పైన రాసి, ముత్తవ్వ పక్కన కూర్చుంది. అప్పుడే బాలరాజ్ పిలిచాడు. వెనక సీట్ల వాళ్ళకు టిఫిను పొట్లాలు అందించాలట.

ముత్తవ్వ రెండు మోకాళ్ళూ పట్టుకుని, బతుకంతా ఎన్నడూ నొప్పి పెట్టని ఆ మోకాళ్ళు ఇప్పుడే నొప్పి పెడుతున్నట్టు మూలిగింది. "పోరి నాతోటున్నది రాజన్నా."

బస్సంతా పెద్దవాళ్ళే. సగం మంది ఒకప్పుడు ముఠాల్లో వంగినవాళ్ళు, మిగతా సగం వాళ్ళను వంచినవాళ్ళు. రివాజు అందరికీ తెలుసు. ఎవ్వరూ మళ్ళీ పిలవలేదు. పొట్లాలు బాలరాజే పంచాడు.

ఊరు దాటాక ముత్తవ్వ మెల్లగా అంది. "ఎవలికన్న పానం మీదికొస్తె లెవ్వు. నీళ్ళ బాటిలకు లెవ్వకు."

ఆ మాట ముగిసీ ముగియకముందే ముందు సీటులోంచి పండరి చేతిలోని నీళ్ళ బాటిల్ జారి, నడిమి దారిలో దొర్లుకుంటూ వచ్చింది. అంబిక చెయ్యి ఆమెను అడగకుండానే లేచింది. కాళ్ళు కూడా లేవబోయాయి.

ముత్తవ్వ కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఎండిన అరచేతితో ఆ మణికట్టును ఒడిలోకి నొక్కి పట్టుకుంది.

"కూసో."

బాటిల్ దొర్లుతూ దొర్లుతూ వెనక బియ్యం బస్తాల దాకా పోయి ఆగింది. పండరి లేచి, సీటు తర్వాత సీటు పట్టుకుంటూ వెళ్ళి, తెచ్చుకున్నాడు. ఆయనకేమీ కాలేదు. అంబిక కూర్చునే ఉంది. అది అలవాటవడానికి సింహాచలం దాకా పట్టవచ్చు. పూరీ ఇంకా దూరముంది.