మొగిలమ్మ తమ్ముడికి రెండో పుట్టుక

వరంగల్ చౌరస్తాలో మోదుగాకుల ఇస్తర్లు అమ్మే మొగిలమ్మకు నోరు పెద్దదని పేరు. ఉత్త పేరు కాదు, నిజంగానే పెద్దది. ఇస్తరికి చిల్లు పడిందని ఎవరైనా వేలుపెట్టి చూపిస్తే, ఆ వేలు పెట్టకముందు చిల్లే లేదని వాళ్ళ చేతనే ఒప్పించి పంపేది. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక ఒంటరిగా బతికే ఆడదానికి ఆ మాత్రం నోరు లేకపోతే బజారు బతకనిస్తుందా? అలాంటి మొగిలమ్మ పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున తన గుడిసె ముందు మాట పడిపోయినట్టు నిలబడిపోయింది. ఠాణా జవాను ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చి, "మొగిలమ్మంటే నువ్వేనా? ఈయన నీ తమ్ముడు సారయ్యనట. రంగూన్ నుంచి ఎల్లగొట్టిండ్రు" అన్నాడు.

సారయ్య చచ్చిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. దినాలు కూడా అయిపోయాయి.

వాళ్ళది నర్సంపేట దగ్గర పల్లె. దొర గడిలో వెట్టి పడలేక తండ్రి ఊరు విడిచి పారిపోయాడు. పెళ్ళాన్నీ, మూడేళ్ళ సారయ్యనూ తీసుకుని కాకినాడలో ఓడెక్కి, రంగూన్ రేవులో కూలికి కుదిరాడు. మొగిలమ్మకు అప్పటికే చిన్నతనంలోనే పెళ్ళయి వరంగల్లో అత్తగారింట ఉండడంతో ఆమె ఒక్కతే ఇక్కడ మిగిలింది. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డాక, అక్కడి నుంచి కాలినడకన వచ్చిన ఒకాయన డోర్నకల్ స్టేషన్లో కనిపించి, "మీవోళ్ళుండే కూలోళ్ళ లైన్లన్ని కాలిపోయినయి, ఒక్కలు మిగల్లే" అని చెప్పాడు. మొగిలమ్మ ఏడ్చి ఏడ్చి, మొగుడికి గుండు చేయించి ముగ్గురికీ దినాలు పెట్టించింది. తల్లి ముద్దనూ తండ్రి ముద్దనూ కాకి తిన్నది. సారయ్య పేరున పెట్టిన ముద్దను మాత్రం ముట్టలేదు. పిల్లగానికి ఏదో కోరిక మిగిలిపోయిందని కులపెద్దలు తలా ఒక మాట అన్నారు గానీ, వాడు బతికి ఉన్నాడేమోనన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. కాకికున్న తెలివి మనుషులకు లేకపోయింది!

తల్లీతండ్రీ ఆ మంటల్లో పోయిన మాట నిజమే. సారయ్య బతికాడు. రేవులో శ్రీకాకుళం కూలీల మధ్య పెరిగాడు. బియ్యం మిల్లులో మూటలు మోశాడు. అక్కడి పిల్లనే పెళ్ళాడి ఒక ఆడపిల్లను కన్నాడు. ఒకనాడు తాగిన మైకంలో మిల్లు మేస్త్రీతో మాటా మాటా పెరిగి, మూటలు లాగే ఇనప కొక్కెంతో కొట్టాడు. మేస్త్రీకి ఒక కన్ను పోయింది. జైలు పడింది. శిక్ష తీరాక తలుపు తీసి ఇంటికి పొమ్మంటారనుకుంటే, "నువ్వు ఇక్కడ పుట్టినవాడివి కావు, పైగా నేరస్థుడివి, పుట్టిన దేశానికే పో" అని జైలు నుంచి నేరుగా ఓడ ఎక్కించారు. పెళ్ళాం, బిడ్డ రేవు గేటు అవతల నిలబడి చూశారు. తల్లి ఎప్పుడో చెప్పిన అక్క పేరూ, ఊరి పేరూ తప్ప ఈ దేశంలో అతనికేమీ తెలియదు.

మొగిలమ్మకు అనుమానమేమీ కలగలేదు. తండ్రే వచ్చి నిలబడ్డట్టున్నాడు. కానీ లోపలికి రమ్మనలేకపోయింది. దినాలు చేసిన మనిషి గడప తొక్కితే ఇంటికి కీడని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి విన్న మాట. ఆకులు ఆరబెట్టే పందిరి కింద చాప వేసి, సొరకాయ బుర్రతో నీళ్ళిచ్చింది.

"నాను సారయ్యనే అప్పా," అన్నాడతను, నీళ్ళు తాగకుండా. అక్కను అప్ప అనడం, నేను అనడానికి నాను అనడం ఆ శ్రీకాకుళం వాళ్ళ దగ్గర అబ్బిన యాస.

"తెలుస్తాంది బిడ్డా, తాగు," అంది మొగిలమ్మ. ఆమెకు సిగ్గేసింది. సొంత తమ్ముణ్ణి కుక్కకు పెట్టినట్టు బయట పెట్టుకున్నానని లోపల కుమిలిపోయింది.

మర్నాడు ఇస్తర్లు వేయడానికి సత్యనారాయణ దుకాణానికి పోతే అక్కడా ఇదే ముచ్చట. సత్యనారాయణ చెడ్డవాడు కాదు. తనకు తోచింది దాచుకోకుండా చెప్పే కోమటి.

"ఆ రంగూన్ సర్కారోళ్ళు చేసింది తప్పెట్లయితది మొగిలమ్మా? కిరాయికున్నోడు ఇంట్ల లొల్లి చేస్తే ఖాళీ చెయ్యిమనమా?"

"కిరాయికున్నోడా సేటూ? మూడేండ్లకు పోయిండు వాడు. మాట అక్కడ్నే నేర్చిండు, తాగుడు అక్కడ్నే నేర్చిండు. మంచిగున్నన్ని దినాలు వాళ్ళ మూటలు మోసేటోడు, చెడిపోంగనే మనోడా? జైల్ల ఏసిండ్రు, అయిపాయె. మళ్ళ ఈ శిక్ష దేనికి?"

"మరి ఆ కన్నుపోయినోని ఇంటోళ్ళనడుగు. ఆడు రోజు గదే బజార్ల తిరుగుతాంటె వాళ్ళ పానం ఎట్లుంటది?"

మొగిలమ్మ ఇస్తర్ల కట్ట దించి వెనక్కి మళ్ళింది. ఆ మేస్త్రీకి కూడా ఒక అక్క ఉండి ఉంటుందని ఇంటికి పోయేదాకా అదే ఆలోచించింది.

కులపెద్ద రాయమల్లు మాత్రం ఫికర్ చెయ్యొద్దన్నాడు. దినాలు చేసినవాడు తిరిగొస్తే ఏం చెయ్యాలో పెద్దలు ఎప్పుడో చెప్పిపెట్టారు. వాణ్ణి మళ్ళీ పుట్టించాలి. పసుపునీళ్ళు పోసి, తొట్టెలలో వేసి, నాలుక మీద బెల్లం పెట్టి, కొత్త పేరు పిలవాలి. అప్పుడు వాడు కొత్తగా పుట్టిన పిల్లవాడితో సమానం, గడప తొక్కొచ్చు. "గిది చెయ్యకుంట ఇంట్లకు తీసుకుంటివో, మనోళ్ళెవ్వలు నీ వాకిలి తొక్కరు. రేపు నువ్వు సస్తే పాడె మోసెటందుకు నలుగురు దొరకరు, యాదుంచుకో" అని కూడా అన్నాడు. మొగిలమ్మ సంతోషంగా ఒప్పుకుంది. తమ్ముడూ దక్కుతాడు, కులమూ దక్కుతుంది, ఇంకేం కావాలి?

ఆదివారం పొద్దున్నే కులపోళ్ళంతా పందిరి కింద చేరారు. దూలానికి చీర కట్టి తొట్టెల వేశారు. నలభై ఏళ్ళ మనిషిని అందులో పడుకోబెడితే కాళ్ళు రెండూ బయటికి వేలాడాయి. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సారయ్య కూడా నవ్వాడు. వచ్చిన తర్వాత అతను నవ్వడం అదే మొదలు. యాకమ్మ అనే ముసలామె జోలపాట అందుకుంది. మొగిలమ్మ తొట్టెల ఊపుతూ ఉంటే, చిన్నప్పుడు ఇదే తమ్ముణ్ణి ఇలాగే ఊపిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

రాయమల్లు బెల్లంముక్క పట్టుకుని తొట్టెల మీదికి వంగాడు.

"సారయ్య అనేటోడు రంగూన్ల సచ్చిపోయిండు. ఆని జైలు ఆనితోనే పోయింది. ఆ మేస్త్రీ కన్ను పాపం గూడ ఆనితోనే పోయింది. నువ్వు ఇయ్యాల పుట్టినవు. నీకు ఈ అక్క తప్ప ఎనుకా ముందు ఎవ్వలు లేరు. నోరు తెరువు."

సారయ్య నోరు తెరవలేదు. ఆయన ముఖంలోకే చూశాడు.

"ఎవులూ నేరా? మరి నా పిల్లో?"

"అది ఆ జన్మల బిడ్డ. ఈ జన్మల నీకేం కాదు."

సారయ్య తొట్టెలలోంచి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దింపి లేచి నిలబడ్డాడు. ఒంటి మీది పసుపునీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"అలగైతే నాకొద్దు. ఆ కన్ను తీసింది నానే. ఆ పిల్లని కన్నదీ నానే. పాపం పోద్దని పిల్లనొదులుకుంటానేటి? ఆ పాపం నాకాడే ఉండనీయండి."

పందిరి గుంజకు తగిలించిన తన మూట తీసుకుని వీధిలోకి నడిచాడు. ఎక్కడికి పోతాడో అతనికే తెలియదు. ఇక్కడ అతనికి తెలిసిన మనిషి మొగిలమ్మ ఒక్కతే.

"జర నువ్వన్న చెప్పు మొగిలమ్మా," అన్నాడు రాయమల్లు. "ఇప్పుడు పోతే మళ్ళ మేం రాం."

మొగిలమ్మ ఖాళీ తొట్టెల పట్టుకుని నిలబడింది. కులం లేకుండా బతకడమంటే ఆమెకు భయం. పండుగకు పిలుపుండదు, జ్వరమొస్తే గంజి పోసేవాళ్ళుండరు. అదంతా ఆలోచించింది. ఆలోచించే కొద్దీ కోపం వచ్చింది.

"పెద్దయ్యా, వాణ్ణి ఇయ్యాల పుట్టిస్తే ఆ పిల్ల తండ్రి లేనిదైతది. నాకు మేనకోడలు లేకుంట పోతది. ఆ సర్కారోళ్ళు వాణ్ణి బిడ్డ కాడ్నుంచి ఒకపారి గుంజిండ్రు. మనం గూడ గుంజుదుమా? నా పీనుగు సంగతంటవా, కంపు లేస్తే మున్సిపాలిటోళ్ళే వచ్చి మోస్తరు తియ్యి!"

ఆమె వీధిలోకి పోయి సారయ్య చెయ్యి పట్టుకుంది. పందిరి దాటించి, అందరి ముందు నుంచే గడప తొక్కించి లోపలికి తీసుకుపోయింది. రాయమల్లు బెల్లంముక్క పందిరి కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే ఆయన వెనక లేచారు.

లోపల సారయ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. మొగిలమ్మ పీట వాల్చింది.

"బిడ్డ పేరేంది?"

"ఖిన్ మ్యా."

మొగిలమ్మ పలకబోయింది. నోరు తిరగలేదు. సారయ్య మెల్లగా మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ తప్పు పలికింది. అతను మళ్ళీ చెప్పాడు. అప్పటికి సరిగ్గా వచ్చింది.

"ఖిన్ మ్యా," అంది మొగిలమ్మ. "నా మేనకోడలు."

సారయ్య పీట మీద కూలబడి, ఓడ ఎక్కిన నాటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. మొగిలమ్మ ఊరుకోమనలేదు.