చాపల వారి వన్స్‌మోర్

మా మనవరాలు సుజాతకు ఒక పాట నచ్చిందంటే ఇక దాని ప్రాణం తీసేస్తుంది. టేపురికార్డరు ముందు కూర్చుని, పాట అయీ అవకముందే మీట నొక్కుతుంది. టేపు కీచుమంటూ వెనక్కి పరుగెడుతుంది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమంటాయి. మళ్లీ అదే పాట మొదలు. సగంలో లేచి జడ వేసుకుంటుంది, కిటికీలోంచి పక్కింటి పిల్లతో కబుర్లు చెబుతుంది, పాట మానాన పాట సాగిపోతూంటుంది. నిన్న మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆ కీచు శబ్దం వింటూంటే ఉన్నట్టుండి మా మావయ్యగారు గుర్తుకొచ్చారు. ఒక పాటను రెండోసారి వినాలంటే ఎలా అడగాలో నాకు నేర్పిన మనిషి ఆయన. ఆయన్ను చూసినవాళ్లు ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకని చెబుతున్నాను.

మావయ్యగారంటే మా ఆయన తండ్రి. పేరు నరసింహం గారు. ఏలూరులో కాలవ ఒడ్డున ఆయనకు చాపల కొట్టు ఉండేది. కొల్లేటి లంకల్లో నేసిన తుంగ చాపలు పడవల మీదా బళ్ల మీదా మా కొట్టుకు వచ్చేవి. ఇల్లంతా ఎప్పుడూ ఎండిన తుంగ వాసన. ఊళ్లో ఏ నాటకం ఆడినా పందిట్లో పరిచే చాపలు మావే కాబట్టి మావయ్యగారికి పిలుపు తప్పనిసరి. హార్మోనియం వాయించే ఆయనకు ఎదురుగా, అందరికంటే ముందు ఒక కొత్త చాప పరిచి ఉంచేవారు. ఆ చాప మీద ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోగా నేను చూడలేదు.

ఆ రోజుల్లో నాటకమంటే పద్యమే. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు, నటుడు మళ్లీ పాడేవాడు. కథ ఎక్కడిదక్కడే ఆగిపోయేది. యుద్ధంలో పడిపోయిన రాజు చివరి పద్యం పాడి ప్రాణం విడిచాక కూడా వన్స్‌మోర్ పడితే లేచి కూర్చుని, మీసం సవరించుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోవాల్సిందే. అయితే మా ఊళ్లో జనం ఎంత గోల చేసినా హార్మోనిస్టు వేళ్లు కదిలేవి కావు. ఆయన మావయ్యగారి వంక చూసేవాడు. మావయ్యగారు తొందరపడేవారు కాదు. రాగం చివరి కొస గాలిలో కలిసిపోయేదాకా ఆగేవారు. అప్పుడు ఒళ్లో ఉన్న కండువా తీసి భుజాన వేసుకుని, కొట్లో బేరం చెప్పినంత మామూలుగా, "వన్స్‌మోర్" అనేవారు. ఆ మాట వినపడగానే నటుడి ముఖం వెలిగిపోయేది. చాలాసార్లు కండువా ఒళ్లోంచి లేచేదే కాదు. అలాంటి రోజు ఎంత పెద్ద నటుడైనా ముఖం వేలాడేసుకుని లోపలికి వెళ్లేవాడు.

మా అత్తగారికి ఇదంతా ఒళ్లుమంట. "ఒక్క మనిషిని ఎన్నిసార్లు చంపుతారండీ మీరు? ఇంటికెళ్లి పొయ్యి రాజెయ్యాలి నేను" అని ఆడవాళ్ల తడిక వెనక నుంచి గొణిగేవారు. ఆవిడ పక్కన కూర్చునే నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. నాటకాల పందిరి మా దొడ్డి గోడకు ఆనించి వేసేవారు. చూడకుండానే, గోడకు చెవి పెట్టి, ఎన్నో పద్యాలు నేర్చుకున్నాను. నా గొంతు బాగుంటుందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? కాపురానికి పంపిస్తూ మా అమ్మ చెప్పిన మాట ఒకటే: "అత్తారింట్లో నోరెత్తి పాడేవు సుమా, నాటకాల పిల్లనుకుంటారు." ఇక్కడ నేను వచ్చిన వారంలోనే అత్తగారు ఆ మాటకు మేకు కొట్టారు. రుబ్బురోలు దగ్గర ఏదో కూనిరాగం తీస్తూంటే విని, వెళ్లి వీధి తలుపు వేసి వచ్చి, "చూడు రత్నం, ఆడదాని గొంతు గుమ్మం దాటకూడదు" అన్నారు. కోపంగా కాదు, పాలు పొంగకుండా చూసుకోమన్నట్టు చెప్పారు. అప్పటినుంచి నేను పెదాలు కదిపేదాన్ని గానీ చప్పుడు బయటికి రానిచ్చేదాన్ని కాదు. అలా మింగిన పాటలు గొంతులో ముళ్లలా ఉండేవి. రాత్రిళ్లు ఏడుపు వచ్చేది. పాట కోసం ఏడ్చానంటే ఎవరు నమ్ముతారు?

కోడలు మావగారి ఎదుట నిలబడి మాట్లాడే రోజులు కావవి. ఆయన అరుగు మీద కూర్చుంటే నేను తలుపు వెనక నుంచి మంచినీళ్లు అందించేదాన్ని. నాటకం చూసొచ్చిన మర్నాడు పొద్దున్న ఆయన తలుపు వైపు తిరక్కుండానే, "అమ్మాయ్, నిన్న నీకేది నచ్చింది?" అని అడిగేవారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఒకసారి ధైర్యం చేసి అడిగేశాను.

"మావయ్యగారండీ, విన్న పద్యమే మళ్లీ ఎందుకండీ వినడం?"

"మళ్లీ అదే వినడానిక్కాదమ్మాయ్. మొదటిసారి వాడు వచ్చింది వచ్చినట్టు పాడతాడు. రెండోసారి, తనని ఎవరో విన్నారని తెలిసి పాడతాడు. ఆ రెండో పద్యం వేరు. నేను దానికోసం కూర్చుంటాను."

కాఫీ హోటల్లో గ్రామఫోను పెట్టినప్పుడు జనమంతా ఎగబడి విన్నారు. మావయ్యగారు కూడా వెళ్లి శ్రద్ధగా విని వచ్చారు, బాగుందన్నారు. ప్లేటు మళ్లీ వేయించమని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తరవాత టాకీ వచ్చింది. జట్కా మీద డప్పు కొడుతూ, కాగితాలు విసురుతూ ఊరంతా తిరిగారు. బొమ్మ మాట్లాడుతుందట, పాడుతుందట! అందులో వేషం కట్టినాయన మాకు తెలిసిన మనిషే. మా ఊళ్లో ఎన్నో నాటకాలు ఆడాడు, మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు, మావయ్యగారి కండువా లేపించడం కోసం చెమటోడ్చి పాడాడు. మావయ్యగారు ఆ రోజు కొట్టు పెందరాళే కట్టేసి, ఉతికిన కండువా వేసుకుని, ఇంటిల్లిపాదినీ బయలుదేరదీశారు. హాల్లో కుర్చీ ఇస్తామన్నా వినకుండా చంకలో తెచ్చుకున్న చాప నేల మీద పరిచి, తెరకు అతి దగ్గరగా కూర్చున్నారు. ఆడవాళ్లకు కట్టిన పరదా సందులోంచి నాకు ఆయన వీపు కనిపిస్తూనే ఉంది.

ఆ నటుడి ముఖం గోడంత అయి తెర మీదికి వచ్చింది. పద్యం అందుకున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. అంత బాగా ఆయన మా పందిట్లో ఎన్నడూ పాడలేదు. చివరి రాగం సన్నగా సాగి సాగి ఆగింది. మావయ్యగారి కండువా భుజం మీదికి లేచింది.

"వన్స్‌మోర్."

అలవాటు కొద్దీ హాలు హోరెత్తింది. వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని అందరూ అందుకున్నారు. తెర మీది మనిషి మమ్మల్ని చూడనైనా చూడకుండా గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. వెంటనే ఏదో వంటిల్లు, అందులో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. కేకలు తగ్గి నవ్వులు మొదలయ్యాయి. వెనక బెంచీలోంచి ఎవరో కుర్రాడు, "ఏవండీ చాపల వారూ, ఆయన మద్రాసులో ఉన్నాడండీ, ఇంకాస్త గట్టిగా పిలవండి" అన్నాడు. హాలంతా విరగబడి నవ్వింది. మావయ్యగారు తల తిప్పలేదు. కండువా మాత్రం మెల్లగా భుజం మీంచి ఒళ్లోకి దిగింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూంటే అత్తగారు ఆగలేకపోయారు. "తెర మీది మనిషికి చెవులుంటాయా ఏంటండీ?"

"తెలుసులేవే. తెలీక అడగలేదు" అన్నారాయన. చెంబు కింద పెట్టి, తలుపు వెనకున్న నాతో అన్నారు: "బాగా పాడాడమ్మాయ్. నేనున్నానని మాత్రం వాడికి తెలీదు."

ఆ తరవాత ఆయన మళ్లీ టాకీకి రాలేదు. బజార్లో ఆయన్ను చూస్తే చాలు, కుర్రకారు వన్స్‌మోర్ అని అరిచేవారు. మొదట్లో ఆయన కూడా నవ్వేవారు, తరవాత ఆ వీధిన వెళ్లడమే మానేశారు. నటులంతా టాకీల్లో చేరడానికి రైలెక్కుతున్నారు. పందిళ్లు తగ్గిపోయాయి. పందిళ్ల కోసం నేయించిన పొడుగు చాపలు కొట్లో చుట్టలు చుట్టి పడి ఉండేవి. పొద్దున్నే తలుపు వెనక నిలబడితే నీకేది నచ్చిందని అడిగేవారు లేరు. అరుగు మీద కూర్చుని కాలవ వంక చూస్తూండేవారు.

విచిత్రమేమిటంటే, టాకీ పిచ్చి పట్టింది మా అత్తగారికి. "హమ్మయ్య! ఎవరూ మధ్యలో ఆపరు. చచ్చినవాడు బుద్ధిగా చచ్చినట్టే ఉంటాడు" అని మురిసిపోయి, ఇరుగు పొరుగును వెంటేసుకుని అదే బొమ్మకు మళ్లీ మళ్లీ వెళ్లేవారు. తోడుగా నన్నూ తీసుకెళ్లేవారు. వెళ్లినప్పుడల్లా ఆ పద్యం కొంచెం కొంచెంగా నాకు వచ్చేసింది. రుబ్బురోలు దగ్గర కూర్చుని పెదాలతో పాడుకునేదాన్ని. దాన్ని మళ్లీ వినాలని అడిగి నవ్వులపాలైన మనిషి అరుగు మీద ఉన్నాడు, పద్యం నా నోట్లో ఉంది, మా ఇద్దరి మధ్యా అత్తగారి గుమ్మం ఉంది. ఎలా దాటను?

ఆ శీతాకాలం మాకు చాపలు నేసేవాళ్లింట్లో పెళ్లయితే, మా ఆయన కొట్టు చూసుకుంటానని ఉండిపోగా, మావయ్యగారూ అత్తగారూ నేనూ ముగ్గురం కొల్లేటి లంకకు వెళ్లాం. మర్నాడు పొద్దున్న దోనెలో తిరిగి వస్తున్నాం. మావయ్యగారు మాకు వీపు పెట్టి ముందు కూర్చున్నారు. వెనక పడవ మనిషి గెడ వేస్తున్నాడు. నీళ్ల మీద పల్చగా మంచు, అటూ ఇటూ కిక్కిస గడ్డి, దూరంగా గూడబాతులు. మనిషన్నవాడు కనిపించడం లేదు. అత్తగారికి ఉత్సాహం వచ్చి ఆ టాకీ పద్యమే అందుకున్నారు. ఆవిడ గొంతు గురించి చెప్పి లేనిపోని పాపం కట్టుకోను. రెండో పాదం దగ్గర తడబడి నా మోకాలు తట్టారు. "ఆ తరవాతేంటే?"

చెప్పబోయాను. చెప్పబోతే మాట రాలేదు, రాగం వచ్చింది. ఆపుదామనుకున్నాను గానీ అన్నాళ్లూ మింగిందంతా ఒక్కసారి పైకి వచ్చేసింది. మూడో పాదం, నాలుగో పాదం, ఆ పైన రాగం. నా గొంతు నీళ్ల మీద అంత దూరం పోతుందని నాకే తెలీదు. అయిపోయాక గానీ ఏం చేశానో తెలియలేదు. గెడ ఆగిపోయింది. దోనె తనంతట తాను కదులుతోంది. అత్తగారి ముఖం చూసే ధైర్యం లేక తల వంచుకున్నాను.

మావయ్యగారు వెనక్కి తిరగలేదు. ఒళ్లోంచి కండువా తీశారు. భుజాన వేసుకున్నారు.

"వన్స్‌మోర్."

నా కళ్ల వెంట నీళ్లు జలజలా కారిపోయాయి. అత్తగారి వంక చూశాను. ఆవిడ ఆయన వీపు వంక చూస్తున్నారు. చాలాకాలంగా ఆయన నోట వినని మాట అది, ఆవిడకూ తెలుసు. ముక్కు చీది, కొంగు సర్దుకుని, "గుమ్మం దాటకూడదన్నాను గానీ, పడవకి గుమ్మమెక్కడుందే? పాడు, పెద్దాయన అడుగుతుంటే" అన్నారు.

"ఆయ్, పాడండమ్మా" అన్నాడు పడవ మనిషి గెడ ఒళ్లో పెట్టుకుని.

పాడాను. మావయ్యగారు చెప్పింది నిజమే. ఆ రెండో పద్యం వేరు. మొదటిది నా గొంతులోంచి తప్పించుకుని పారిపోయింది. రెండోది నేనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ప్రతి మాటకూ చోటుంది, ఊపిరికీ చోటుంది, ఎందుకంటే అక్కడ ఒకాయన కూర్చుని వింటున్నారు. నాకు తెలిసి నా జీవితంలో అంత బాగా మరెప్పుడూ పాడలేదు.

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్లూ ఇంట్లో పాడాను. అత్తగారు వీధి తలుపు వేసి వచ్చి, "వేశాను, కానివ్వండి" అనేవారు. కోడలి పాటే కదా అని మావయ్యగారు ఎన్నడూ మొహమాటానికి పోలేదు. నేను ఏదో ధ్యాసలో పేలవంగా పాడిన రోజు కండువా ఒళ్లోనే ఉండేది. ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు. అయినా ఆ కండువా అంటే నాకు నమ్మకం. అది లేచిందంటే ఒక మనిషి నన్ను చివరిదాకా విన్నాడని అర్థం.

నిన్న ఇదంతా తలుచుకుంటూ కూర్చునేసరికి చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోనే ఉండిపోయింది. టేపు ఆగింది. సుజాత నేను నిద్రపోయాననుకుందో ఏమో, గోడ వైపు తిరిగి ఆ పాట తనే సన్నగా పాడుకుంటోంది. ఈ పిల్లకు గొంతుందని ఇన్నాళ్లూ ఆ పెట్టె నాకు తెలియనివ్వలేదు. ఒకచోట కొంచెం తప్పింది, మళ్లీ సరిచేసుకుంది. రాగం చివరిదాకా వెళ్లి ఆగింది. నేను కూడా అక్కడిదాకా ఆగాను. పళ్లెం పక్కన పెట్టి, జారిన పమిట తీసి భుజాన వేసుకున్నాను.

"వన్స్‌మోర్" అన్నాను.

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "అలాగే బామ్మా" అంటూ గబగబా టేపు మీట మీదికి చెయ్యి పోనిచ్చింది.

"దాన్ని కాదే. నిన్ను."

సుజాత మీట మీంచి చెయ్యి తీసేసింది. నాకెదురుగా వచ్చి కూర్చుని, గొంతు సవరించుకుంది.