నల్లాయన

నా చిన్నప్పుడు మేము గల్ఫ్‌లో, గుదైబియా అనే పేటలో, ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. నాన్న మీనా సల్మాన్ రేవులో ఒక వర్క్‌షాపులో వెల్డరు. పక్కింటి అక్కది కాకినాడ వైపు, ఆస్పత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీ ముగిశాక, సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు మడతపెట్టి, అక్కడే కూర్చుని నాకు కథలు చెప్పేది. పోయిన నెల అక్క చనిపోయింది. అప్పటినుంచి నాకు ఆ డాబాయే గుర్తొస్తోంది.

ఆ ఏడాది అక్క వినిపించింది ఒక పాత ఇంగ్లీషు నవల. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో, చెయ్యని నేరం మోపి ఒక నల్లజాతి మనిషిని కోర్టుకు ఈడుస్తారు. అదంతా ఒక చిన్నపిల్ల చూసి చెబుతుంది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి అక్క ఒక్కో పేజీ తను చదువుకుని తెలుగులో చెప్పేది. ఆ మనిషిని ‘నల్లాయన’ అనేది.

నాకు నవ్వొచ్చింది. “నల్లాయనేంటక్కా, నల్లోడు కదా?” అన్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. మా మెట్లు కడిగే మనిషిని బిల్డింగులో అందరూ అలాగే పిలిచేవారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చారు, మా నాన్నకంటే పెద్దాయన. ఆ పిలుపుకే పలికేవారు.

అక్క నన్ను కోప్పడలేదు. “ఇంగ్లీషులో ఈ గొడవ లేదమ్మా. వాడైనా ఆయనైనా ఒకటే మాట. మనకి రెండున్నాయి. ఏదో ఒకటి నేనే ఎంచుకోవాలి కదా,” అంది.

ఆ సమయంలో మెట్లు కడిగే ఆయన పక్కనే నీళ్ళ ట్యాంకు శుభ్రం చేస్తున్నారు. మర్నాటినుంచి మేము డాబా ఎక్కేసరికి ట్యాంకు దగ్గర ఏదో ఒక పని పెట్టుకునేవారు. ఒకరోజు, “అమ్మా, నిన్నటి కాడికెల్లి జెప్పుర్రి,” అన్నారు. అక్క గొంతు కాస్త పెంచి మొదలుపెట్టింది.

కథ కోర్టు దాకా వచ్చిన సాయంత్రమే కింద గొడవ మొదలైంది. రెండో అంతస్తు పిన్నిగారి గొలుసు కనబడలేదు. బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి లేదట. తలుపు గడియ వేసుకోలేదట. అక్కా నేనూ ట్యాంకు దగ్గరున్న ఆయనా కిందికి దిగేసరికి, “నల్లోడే. పొద్దస్తమానం మెట్ల మీద తిరిగేది వాడే కదా,” అంటున్నారు ఆవిడ.

బిల్డింగు మేనేజరు వచ్చారు. అక్క ఆయనకు హిందీలో చెప్పి, తర్వాత మావాళ్ళకు తెలుగులో చెప్పింది, ఆ సేపంతా ఈయన డాబా మీద మా దగ్గరే ఉన్నారని.

“నువ్వు పుస్తకంలో తల దూర్చి ఉంటావు కదే తల్లీ. వాడెప్పుడు దిగాడో, ఎప్పుడెక్కాడో నీకేం తెలుసు?” అన్నారు పిన్నిగారు.

అప్పుడు నేను ముందుకొచ్చాను. “నేను చూస్తూనే ఉన్నాను పిన్నిగారూ. ఆయన కిందికి దిగలేదు. ట్యాంకు పక్కన కూర్చుని కథ విన్నారు,” అన్నాను.

మెట్ల మీద నవ్వులు. “ఆయనంట, విన్నారంట. నల్లోడు దొరగారైపోయాడర్రా,” అని ఎవరో అన్నారు. నేను చెప్పినదాంట్లో వాళ్ళకు వినబడింది ఆ మాట ఒక్కటే. ఆయన ఎక్కడ ఉన్నారన్నది ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆయన గది వెతికారు. గొలుసు దొరకలేదు. అయినా మేనేజరు “ఖలాస్” అన్నారు. అప్పటిదాకా నాకు అది కింది కేఫటీరియాలో రొట్టెలు అయిపోతే వినబడే మాట. ఆయన పని పోయింది. ఊరికి పంపేస్తున్నారని తెలిసింది.

ఆ వారంలోనే పికప్ వచ్చింది. ఆయన ఒక సంచితో వెనక ఎక్కి కూర్చున్నారు. అక్కా నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

“అమ్మా, గా కతల ఆయిన ఏమాయె? ఇడ్సిపెట్టిండ్రా?” అని అడిగారు.

అక్క ఆలోచించలేదు. “విడిచిపెట్టారండి. ఇంటికెళ్ళిపోయారు,” అంది.

“మంచిగైంది,” అన్నారు ఆయన. బండి కదిలింది.

ఆ సాయంత్రం అక్క నాకు మిగిలిన కథ చెప్పింది. కోర్టు నమ్మలేదు. నల్లాయన ఇల్లు చేరలేదు.

“మరి ఆయనకి అలా చెప్పావేంటక్కా?”

“ఆయన అంతదూరం ఉత్త చేతులతో పోవాలమ్మా. నువ్వు ఇక్కడ ఉండేదానివి. నీకు ఉన్నదున్నట్టు తెలియాలి,” అంది. తర్వాత బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఆ నవల తర్వాత నేనే ఇంగ్లీషులో చాలాసార్లు చదువుకున్నాను. అక్క చెప్పింది నిజమే, అందులో ఆ తేడా ఎక్కడా లేదు. చదివే ప్రతిసారీ నా లోపల నేను ఎంచుకుంటూనే ఉంటాను. గొలుసు ఏమైందో నాకు తెలియదు. మా మెట్లు కడిగిన ఆయన పేరూ తెలియదు. అక్కకు తెలిసి ఉండవచ్చు, అడగడానికి ఇప్పుడు అక్క లేదు.

ఇప్పుడు మా ఇంటికి నీళ్ళ డబ్బా తెచ్చే మనిషి తలుపు తట్టినప్పుడు, ఎవరని మనవరాలు లోపలినుంచి అడుగుతుంది. “ఆయనొచ్చారమ్మా,” అంటాను. ఆ మాట వల్ల ఎవరి పనీ నిలబడదని ఆ రోజు మెట్ల మీదే చూశాను. అయినా నా నోటికి ఇంకో మాట రాదు.