మోడల్ రీడింగ్

నా పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక నాకు లేదంటే అబద్ధమే. హసన్‌పర్తి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ప్రాక్టికల్స్‌కి బజారులో దొరికేవన్నీ ఇంగ్లిష్ పుస్తకాలు. మా పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల రైతుల, కూలీల ఇళ్ల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. ఆ పుస్తకాలు వాళ్ల సంచుల్లో ఉండేవి గానీ తలకెక్కేవి కావు. నేనే తెలుగులో ఒకటి రాస్తే ఏం పోయిందని రెండు వేసవి సెలవులు కూర్చుని రాశాను. కాశిబుగ్గలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి, నా చేతి డబ్బుతోనే అచ్చు వేయించాను. అట్ట మీద నా పేరు, వెనక నా ఫోటో. ఫోటో ఎందుకులెండి అని పైకి అన్నాను గానీ, దానికోసం స్టూడియోకి రెండుసార్లు వెళ్లాను.

పిల్లలకు ఆ పుస్తకం తెగ నచ్చింది. ఎంతగా అంటే, బోర్డు మీద నేను రాసింది ఒక్క మాట తేడాగా ఉన్నా చెయ్యెత్తి, బుక్కుల గట్ల లేదు మేడం అనేవాళ్లు. ఆ బుక్కు రాసిందెవరర్రా అని కసిరేదాన్ని. లోపల మాత్రం మురిసిపోయేదాన్ని. సిగ్గు లేకపోతే సరి!

ఆ పుస్తకంలో టైట్రేషన్ అనే ప్రయోగం ఉంది. పెద్ద విద్యేం కాదు. ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రావణం ఉంటుంది. పైనుంచి సన్నటి గాజు గొట్టంలోని ఆసిడ్‌ను చుక్కచుక్కగా వదలాలి. రంగు పోగానే ఆపి, ఎంత ఆసిడ్ పట్టిందో గొట్టం మీద చూసి పట్టికలో రాయాలి. అలా మూడుసార్లు. పట్టిక ఎలా నింపాలో పిల్లలకు తెలియాలని ఒక నమూనా ఇచ్చాను. మూడు వరుసల్లోనూ 9.8 మిల్లీలీటర్లు. ఆ అంకె ల్యాబులో పుట్టింది కాదు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర, కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ రాసింది. నమూనాయే కదా, ఏ అంకె అయితేనేం అనుకున్నాను.

మా ల్యాబ్ అసిస్టెంట్ నాకంటే పెద్దాయన, అన్నా అని పిలుస్తాను. ద్రావణాలు కలిపేది ఆయనే. పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు, పిల్లలందరికీ సరిగ్గా 9.8 దగ్గరే రంగు పోతోందని గమనించి అడిగాను. ఆయన గర్వంగా నవ్వాడు. బుక్కులో ఉన్నట్టు రావాలి గదా మేడం, మన ఇజ్జత్ కదా, అందుకే పాళ్లు అట్ల కలుపుతాన్న అన్నాడు. ఆ రోజే వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడాదంతా నా అబద్ధపు అంకె మా ల్యాబులో నిజమైపోయింది.

యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున వేరే జిల్లా నుంచి ఎక్స్‌టర్నల్ సారు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. వస్తూనే పాళ్లు రాసిన చీటీ ఒకటి మా అసిస్టెంట్ చేతిలో పెట్టాడు. అన్న ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "సారు వేరే లెక్క ఇచ్చిండు మేడం. పన్నెండు దాటుతది" అన్నాడు.

పరీక్షలో అంకె గురించి నేను నోరు మెదపకూడదు. పిల్లలకు ఎంత వస్తుందో నాకు తెలుసు, ఏం రాస్తారో తెలియదు. టేబుళ్ల మధ్య పచార్లు చేస్తూ, మీకు ఎంత వస్తే అంతే రాయండి అని పైకి అన్నాను. అందరూ బుద్ధిగా తలూపారు. ఒకడి భుజం మీదుగా కాగితంలోకి చూస్తే 9.8. పక్కవాడిది 9.8.

కాజీపేట నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి చేస్తోంది. బ్యాచ్ మొత్తానికి నిదానమైన చెయ్యి ఆమెదే, ఒక్క చుక్క ఎక్కువ పడనివ్వదు. ఆమె ఒక్కతైనా చూసింది రాస్తుందని ఆశ పడ్డాను. దగ్గరికి వెళ్లడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

సారు కాగితాలన్నీ తీసుకుని తన టేబుల్ మీద ఒక్కొక్కటే తిప్పసాగాడు. సగంలో వేగం పెంచాడు. చివర్లో ఒక కాగితం విడిగా తీసి పెట్టి, వేలితో నన్ను పిలిచాడు.

"ఏం మేడం, మీ పిల్లలందరిది ఒకటే చెయ్యా? ఒక్కనికన్న తేడా లేదు."

ఆయన కాపీ అని రాసి పంపితే బ్యాచ్ బ్యాచంతా ఏడాది పోగొట్టుకుంటుంది. వీళ్లే ఒకరిని చూసి ఒకరు రాసి ఉంటారు సార్ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే నా పుస్తకం ఊసే రాదు. నా పేరు బాగుంటుంది, ఫోటో బాగుంటుంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

హ్యాండ్‌బ్యాగులోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన పట్టిక చూశాడు, అట్ట తిప్పి నా ఫోటో చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఇది మీరు చేసి చూసిన్రా?"

"లేదు సార్."

"మరి యాడిది?"

"ఊకెనే రాసిన సార్."

ఆయన గోడ గడియారం వైపు చూసి, ఇంకా గంట టైమున్నది, కొత్త కాగితాలిచ్చి మళ్ల చెయ్యమనండి అన్నాడు. ఈసారి కూడా ఇదే అంకె వస్తే తను రాసేది తను రాస్తానన్నాడు. తర్వాత విడిగా తీసి పెట్టిన కాగితాన్ని నా వైపు జరిపాడు.

కాజీపేట అమ్మాయిది. పట్టికలో మూడుసార్లు 12.3 రాసి ఉంది. స్కేలు పెట్టి, నీటుగా మూడింటినీ కొట్టేసి, పైన 9.8 వేసింది. మొత్తం ల్యాబులో నిజం రాసింది ఆమె ఒక్కతే, దాన్ని కొట్టేసుకున్నదీ ఆమే.

కొత్త కాగితాలు పంచుతూ ఆమె దగ్గర ఆగాను. ఎందుకు కొట్టేసినవ్ బిడ్డా అని మెల్లగా అడిగాను. ఆమె భయంగా సారు వైపు చూసింది.

"మూడుసార్లు గంతే అచ్చింది మేడం. మీ బుక్కుల గట్ల లేదు కద. మీరు తప్పు రాస్తరా? నా చెయ్యే మంచిగ లేదనుకున్న."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. బుక్కు తప్పు, నేనే తప్పు రాసిన అని అందరికీ వినబడేలా గట్టిగా చెప్పాను. ల్యాబులో ఎవరూ కదల్లేదు. వాళ్లు నమ్మినట్టు కూడా కనిపించలేదు. అట్ల నిలబడకుండా మళ్లీ మొదలుపెట్టండి అని అసిస్టెంట్ అన్న కసిరితే గానీ చేతులు కదలలేదు.

ఆ అమ్మాయి చుక్కచుక్కగా వదిలింది. గులాబీ రంగు పోయింది. వంగి గొట్టం మీది గీత చూసింది, నేనూ వంగి చూశాను. పన్నెండు పాయింట్ మూడు.

"మళ్ల గంతే అచ్చింది మేడం" అంది. "రాయాల్నా?"

"నీకు అచ్చిందే రాయి బిడ్డా" అన్నాను.

ఆమె పెన్ను మూత తీసింది. రాసేముందు ఇంకోసారి నా మొహంలోకి చూసింది.