తూటా పేలేముందు ఆగిన రేకు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ముందే చెప్తున్నాను, ఎందుకంటే నన్ను అబద్ధాలకోరన్నవాళ్ళే తర్వాత పిచ్చిదనీ అన్నారు.

రెండువేల ఐదు ప్రాంతంలో కడపలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను. గాలి తీసేసిన డబ్బాలో వెంట్రుకకన్నా సన్నటి సిలికాన్ రేకు పెట్టి, అది ఎంత వణుకుతుందో లేజర్‌తో కొలవడం నా పని. కాంతి తాకిడికే రేకు కదిలిందేమోనని లెక్క చూసుకోవాల్సినంత సున్నితమైన కొలత అది. గదిలో వేడి ఉన్నంతసేపూ రేకు వణుకుతూనే ఉండాలి. ఆగడమనేది ఉండదు.

అదుర్లు తగలని విదేశీ బల్ల కొనే స్తోమత మా డిపార్ట్‌మెంటుకు ఎక్కడేడ్చింది? లారీ ట్యూబుల్లో గాలి నింపి, వాటిమీద బేతంచెర్ల బండ పరిచాం. బండ మా నాన్న క్వారీదే.

రోజూ మధ్యాహ్నం కాసేపు కంప్యూటర్‌మీద ఆ వణుకు చూపే గీత చదునైపోయేది. లేజర్ వెలుగు తగ్గేది కాదు, వైర్లు ఊడేవి కావు. రేకు మాత్రం నిలిచిపోయేది. మా గైడు ఆ గీతలు అచ్చేసిన కాగితాలు నా ముందు విసిరికొట్టి, "ఎవరి చెవిలో పూలు పెడతాండావమ్మా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒకరోజు గీత చూస్తూనే నాన్నకు ఫోన్ చేశాను.

"ఉండుమ్మా, తూటా పేలుస్తాండారు," అన్నాడు.

మా క్వారీలో రాయి పగలగొట్టే మందు తూటాకు ఎర్రజెండా లేచాక, అది పేలేదాకా ఎవరూ కదలరు, నోరు మెదపరు. నాన్న కూడా మాట ఆపేశాడు. ఇక్కడ గీత చదునైంది. ఫోన్లో ఢామ్మని వినబడగానే రేకు మళ్ళీ వణికింది. పేలుడుకు అదిరిందంటే అర్థముంది. నూరు కిలోమీటర్ల అవతల తూటా పేలకముందే, ఇక్కడ రేకు ఆగడమేంది?

మర్నాడు గైడును బతిమాలి తెచ్చి కూర్చోబెట్టి, ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. నాన్న జెండా లేచిందన్నాడు. గీత చదునైంది. గైడు లేచి లేజర్ చూశాడు, మీటర్ చూశాడు. మొహం తుడుచుకుని, "ఇది థీసిస్‌లో వద్దు తల్లీ. నలుగురూ నవ్వుతారు. తీసెయ్," అన్నాడు. చచ్చినా తీయనన్నాను.

థీసిస్ కమిటీవాళ్ళు మీరు చూశారా అని గైడును అడిగితే, నా పక్కనే కూర్చుని, "నేనేం చూడలేదు సార్," అన్నాడు. ఛీ! పెద్దమనిషట! దొంగ లెక్కలని రాసి నా పీహెచ్‌డీ రద్దు చేశారు. "నేనొచ్చి చెప్తాలేమ్మా," అన్నాడు నాన్న. బండలు అమ్ముకునేవాడి మాట అక్కడ ఎవరు వింటారు?

అక్కడ జెండా లేచిన సంగతి ఆ బండకెలా తెలుసో, రేకుకెలా తెలుసో నాకీనాటికీ అంతుపట్టలేదు. కారణం అడిగితే తెలియదంటాను. కానీ రేకు ఆగింది. మా గైడు చూశాడు.